నడికట్టు

మన ప్రబంధకవులు నాయికను వర్ణింపఁబూని నడుము దగ్గఱకు వచ్చుసరికి తఱుచుగా నొక సందేహమును వెలిబుచ్చుచుందురు: ఈమెకు నడుము నిజముగా నున్నదా, లేక ఆకాశమువలె పేరునకు మాత్రమేనా యని. చిన్ననాఁడు తాతగారియొద్ద ఆ కావ్యములు చదువుకొన్నప్పుడు మాకది గొప్ప చమత్కారముగాఁ దోఁచెడిది. మువ్వురు బిడ్డలను గన్న పిమ్మట వేఱొక సంగతి తోఁచినది. మేము చదివినంతలో, ఆ నాయికలకు కాన్పులైన పిదప నడుమెట్లున్నదో చెప్పిన కవి యొక్కఁడును లేఁడు.

ఆ చెప్పని భాగమును గుఱించియే యీ నాలుగు మాటలు. గత పుష్యమాసమున, సంక్రాంతి వెళ్లిన వారమునకు, మేము విజయవాడలో ఉదరమునకు శస్త్రచికిత్స చేయించుకొంటిమి. వైద్యులు దీనిని అబ్డామినోప్లాస్టీ యందురు. వాడుకలో టమ్మీ టక్ అని పేరు. సాగి వ్రేలాడు చర్మమును తీసివేసి, ఎడమైన పొట్ట కండరములను దగ్గఱకుఁ జేర్చి కుట్టుట దాని పని. ఇది సౌందర్యచికిత్సల పట్టికలోఁ జేరినది గనుక చేయించుకొన్నవారు పైకిఁ జెప్పరు. వారు చెప్పనందున చేయించుకొనఁగోరువారికి ఏమియుఁ దెలియదు. మాకు తెలిసిన సోదరీమణులు కొందఱు చాటునఁ బిలిచి మూఁడు ప్రశ్నలడిగిరి. దేనికిఁ జేయించుకొంటిరి? ఎన్నాళ్లు పండుకొనవలెను? మీ అత్తగారేమనిరి? వానికి జవాబులే యీ వ్యాసము.

మొదటి ప్రశ్న. మా వయస్సు ముప్పదియాఱు. రెండు కాన్పులు సహజముగా నైనవి, మూఁడవది సిజేరియను. అది నేఁడు వింత కాదు. 2019–21 నాఁటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన ఆంధ్రప్రదేశమున నూటికి 42.4 ప్రసవములు శస్త్రచికిత్సవలననే జరిగినవి. దేశము మొత్తముమీఁద నది 21.5 మాత్రమే. అయితే పొట్ట సాగుటకు సిజేరియను మూలకారణము కాదు, గర్భము మోయుటయే మూలకారణము. పొట్ట ముందువైపున ఱొమ్ము క్రిందినుండి కటివఱకు రెండు కండరపు పట్టీలు నిలువుగా దిగుచుండును. వాని నడుమ తెల్లని నారవంటి పొర కలదు. గర్భము పెరుగుచుండఁగా నా పొర సాగి, పట్టీలు రెండును ప్రక్కలకుఁ దొలఁగును. పెక్కుమందిలో నవి క్రమముగా మఱల చేరువగును. కొందఱిలోఁ జేరవు. నార్వే దేశమున 300 మంది తొలిచూలు తల్లులను పరిశీలించి 2016లో ప్రకటించిన పరిశోధనలో, కాన్పైన ఆఱు వారములకు నూటికి 60 మందిలోను, ఏఁడాది గడచిన పిమ్మట సుమారు 33 మందిలోను ఈ యెడము కనఁబడినది.

మాకు మూఁడవ బిడ్డకు నాలుగేండ్లు నిండినను, బొడ్డుపైన నాలుగు వ్రేళ్లు పట్టునంత సందు మిగిలియుండెను. దానికిఁ దోడు బొడ్డు దగ్గఱ చిన్న హెర్నియా. పండుకొని లేవఁబోయినను, బిందె యెత్తఁబోయినను పొట్ట నడుమ గట్టువలె లేచెడిది. నడుమునొప్పి విడిచెడిది కాదు. సిజేరియను మచ్చపైఁ బడిన చర్మపు మడతలో వేసవియంతయు చెమటకు ఒరిసి పుండ్లు పడెడివి. పెండ్లిపందిళ్లలో "ఎన్నో నెలమ్మా?" యని యడిగినవారు మువ్వురు. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామములు ఏఁడాదిపాటు విడువక చేసితిమి. నడుమునొప్పి చాలవఱకుఁ దగ్గినది. సందు కొంత తగ్గినది. చర్మము మాత్రము వ్యాయామమునకు లోఁబడునది కాదు.

మన పల్లెలలో బాలెంతకు నడికట్టు కట్టు నాచారము మీరెఱుఁగుదురు. మా అత్తగారు మూఁడు కాన్పులకును మెత్తని పాతచీరతోఁ దమ చేతులతోనే కట్టిరి. చరకసంహిత శారీరస్థానమునను, బాలెంత యుదరమును పెద్ద వస్త్రముతోఁ జుట్టవలెననియు, అట్లు చుట్టిన వాయువునకుఁ దావు లేక పొట్ట వికృతి చెందదనియు విధి కలదు. బాలెంత పొట్ట రూపమును గుఱించి ఆలోచించుట అంత పాతకాలపు వైద్యులకుఁ జిన్నతనముగాఁ దోఁపలేదు. ఆ కట్టు ఊఁతమిచ్చును గాని, తొలఁగిన కండరములను గలిపి కుట్టఁజాలదు. చెదిరిన రూపమును కుదుర్చుటయు మనకుఁ గ్రొత్త కాదు. చెక్కిలి చర్మముతో ముక్కును తిరిగి కూర్చు విధానము సుశ్రుతసంహితలో నున్నది. ఉదరము విషయమున, బరువై వ్రేలాడు చర్మమును 1899లో అమెరికాలోని బాల్టిమోరునందు హోవర్డు కెల్లీ యను స్త్రీరోగవైద్యుఁడు కోసి తీసివేసెను. నేఁటి చికిత్సకు నది తొలినాళ్ల మెట్టు.

సంగతి ఇంటిలోఁ జెప్పినప్పుడు మా అత్తగారు, "ఎవరు చూడాలని నీకీ కోత?" అనిరి. ఆ మాటలో ద్వేషము లేదు. ఆమె యేడుగురిని గని, పురిటిస్నానమైన కొన్నాళ్లకే నీళ్లబిందె చంకకెత్తుకొన్న మనిషి. ఎవరును చూడనక్కఱలేదని, మమ్ము మేము మోసికొనుటకే యని మెల్లగా మనవి చేసితిమి. ఆమె మఱి మాటాడలేదు.

బంధువులలో నొకరు మంచియుద్దేశముతోనే మఱియొక యుపాయము చెప్పిరి: "గర్భసంచి ఆపరేషనని చెప్పండి, ఎవరూ ఏమీ అనరు." ఆ మాట మమ్ము నాలుగు రాత్రులు నిద్రపోనీయలేదు. ఏలయన నది నిజము. మన వైపున గర్భసంచి తీయించుకొన్నదన్న నెవరును వింతపడరు. 2015–16 సర్వేలో మన రాష్ట్రమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు తొమ్మండుగురికి గర్భాశయము తీసివేయఁబడినదని తేలినది. దేశము మొత్తముమీఁద నూటికి మువ్వురు. వ్యాధి ముదిరి తీయించుకొన్నవారు గలరు. అవసరము లేకయే పోఁగొట్టుకొన్నవారును గలరు. అవసరము లేని యిట్టి శస్త్రచికిత్సలను అరికట్టుటకై 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రముల కన్నింటికి ఆదేశములిచ్చినది. ఉన్న యవయవమును తీయించుకొన్న నోరెత్తని లోకము, చెదిరినదానిని కుదుర్చుకొన్న వ్రేలెత్తి చూపనేల?

హెర్నియా యని మాత్రమే వ్రాయించి బీమా సొమ్ము తెచ్చుకొనుఁడని మఱియొకరు సలహా యిచ్చిరి. బీమా నిబంధనలలో సౌందర్యముకొఱకుఁ జేయు శస్త్రచికిత్సకు చెల్లింపు లేదు. ప్రమాదము, కాలిన గాయములు, క్యాన్సరు వలనఁ జెడిన రూపమును కూర్చుటకును, ఆరోగ్యమునకు అవసరమని వైద్యుఁడు ధ్రువపఱచినప్పుడును మినహాయింపు కలదు. మా వారు బడిపంతులు. బడిలో నిజము చెప్పుఁడని పిల్లలకు బోధించుచు కాగితముమీఁద నబద్ధము వ్రాయింపలేమనిరి. గొలుసునకుఁ గూడఁబెట్టిన సొమ్ము దీనికిఁ జెల్లినది. ఊరిలో అడిగిన వారికెల్ల ఉన్న పేరే చెప్పితిమి.

ఇఁక రెండవ ప్రశ్న. మా వారికి సెలవులుండునది వేసవిలో. కాని విజయవాడ యెండలలో ఒంటికి బిగువైన పట్టీ కట్టుకొని యాఱు వారములుండుట నరకము. అందుచేత చలికాలమే మంచిదని వైద్యులు చెప్పఁగా మా వారు బడికి సెలవు పెట్టిరి. ఆసుపత్రులు బారులు తీఱిన సూర్యారావుపేటలో విచారించి, ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. పట్టము పొందిన వైద్యుని, మత్తు వైద్యుఁడును అత్యవసరచికిత్స గదియు నున్న యాసుపత్రిని చూచుకొని చేరితిమి. చికిత్సకు మూఁడు గంటలు పట్టినది. ఒక తుంటినుండి మఱియొక తుంటివఱకు, చీర కుచ్చిళ్లకు దిగువగా కోఁత. బొడ్డును దాని తావుననే యుంచి, క్రిందికి లాగిన చర్మమునకు క్రొత్త రంధ్రము చేసి వెలికిఁ దీయుదురు.

మెలకువ వచ్చినప్పుడు తెలిసినది నొప్పికంటె బిగువు. పొట్టపై మోకు వేసి బిగించినట్లుండెను. తలవైపును మోకాళ్లవైపును ఎత్తుచేసిన మంచముపై ముడుచుకొనియే పండుకొనవలెను. చాఁచి పడుకొన్నచో కుట్లు లాగును. ప్రక్కలనుండి రెండు సన్నని గొట్టములు. వానిలో దిగిన నీరును ఉదయము సాయంకాలము కొలిచి వ్రాసెడివారు. మఱునాఁటి యుదయముననే నడిపించిరి. ముదుసలివలె వంగి, నర్సమ్మ చేయి పట్టుకొని, గది చివఱదాఁక పది యడుగులు. కదలక పడియున్నచో కాళ్ల సిరలలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకుఁ బోయి ప్రాణాపాయము కలిగింపవచ్చును. నడకయు, పాదములాడించుటయు దానికి విరుగుడు.

సుశ్రుతసంహిత సూత్రస్థానములో పందొమ్మిదవ యధ్యాయము వ్రణితోపాసనీయము. గాయపడినవారిని ఎట్లు కనిపెట్టుకొనియుండవలెనో అందున్నది. శుభ్రమైన యిల్లు, ఇఱుకుకాని పడక, ప్రియముగా మాటాడు హితులు, కత్తిరించిన గోళ్లు, తెల్లని బట్టలు. లేచునప్పుడు, ప్రక్క తిరుగునప్పుడు వ్రణమును కాపాడుకొనుట. తాతగారు మాచేఁ జదివించినప్పుడు శుష్కమని తోఁచిన యా యధ్యాయమును మాకు నర్సమ్మ తన మాటలలో మఱల నేర్పినది: ముందు ప్రక్కకు తిరుగు, పిమ్మట చేతులపై బలముపెట్టి లే, దగ్గు వచ్చినచో తలగడ పొట్టకు హత్తుకో.

నాలుగవనాఁడు ఇంటికిఁ బంపిరి. ఉయ్యూరు దాపున మా యూరు. బందరు రోడ్డుమీఁద సుమారు ముప్పది కిలోమీటర్ల ప్రయాణము. కారు కుదిపినప్పుడెల్ల తలగడ హత్తుకొని కన్నులు మూసికొంటిమి. ఇల్లు చేరునప్పటికి అత్తగారు పాతచీర చింపి నడికట్టు సిద్ధము చేసి కూర్చుండిరి. ఆసుపత్రివారు వేసిన సాగుడు పట్టీని త్రిప్పి త్రిప్పి చూచి, "ఇది నా కట్టుకంటే గట్టిగానే ఉందే" యని చీరను మడిచి పెట్టెలోఁ బెట్టిరి.

ఇంట నవసరపడిన సంగతులు చిన్నవే గాని ముందుగా నెవరును చెప్పరు. నులకమంచము పనికిరాదు, దానినుండి లేవలేము. మా వారి పడకకుర్చీలో రెండు తలగడలతో పది రాత్రులు నిద్రించితిమి. గొంతుకు కూర్చుండు దొడ్డి పనికిరాదు, కుర్చీవంటిది కావలెను. కావలసిన వస్తువులన్నియు నడుమెత్తున నుండవలెను. ఆఱు వారములు నాలుగైదు కిలోలకు మించిన బరువు ముట్టరాదు. అనఁగా బిందె కాదు, తడిసిన దుప్పట్ల బకెట్టు కాదు, గ్రైండరు గిన్నె కాదు, చేతులు చాఁచు చిన్నబిడ్డ కూడఁ గాదు. ఈ చివఱిదే మిక్కిలి కష్టము. వాఁడు పడకకుర్చీ ప్రక్కన పీఁట వేసికొని మా చేయి పట్టుకొని కూర్చుండెడివాఁడు. నొప్పిమాత్రలవలన మలబద్ధము కలుగును. ముక్కుట కుట్లకు చేటు. బీరకాయ, తోటకూర, బొప్పాయి, మజ్జిగ మమ్ము కాపాడినవి. బాలెంతకువలె నీళ్లు తగ్గించి కారప్పొడి పథ్యము పెట్టవలెనని అత్తగారు. నీళ్లు త్రాగి పప్పు, పెరుగు చాలఁ దినుమని వైద్యులు. ఉదయము వైద్యుల మాట, సాయంకాలము కారప్పొడి ఒక ముద్దయని రాజీ కుదిరినది. మా వారు వ్యాకరణము బోధింపనేర్తురు గాని చారులో చింతపండు పాళ్లెఱుఁగరు. మొదటి వారము పిల్లలు మజ్జిగతోనే బడికిఁ బోయిరి. మూఁడవ వారమునకు చారు కుదిరినది.

ఎనిమిదవనాఁడు గొట్టములు తీసిరి. రెండవ వారమున దేహముకంటె మనసు క్రుంగినది. సాయంకాలమగుసరికి పొట్ట వాచి, చికిత్సకు ముందటికంటె పెద్దదై కనఁబడెడిది. కారణము లేక కన్నీరు వచ్చెడిది. వాపు సహజమని, నెలలకొలఁది క్రమముగాఁ దగ్గునని తెలిసియుండుట కొంత మేలు. పదునైదవనాఁడు పొత్తికడుపున నీరు కదలినట్లు తోఁపఁగా ఆసుపత్రికిఁ బోతిమి. చర్మము క్రింద నీరు చేరుట యీ చికిత్సలో తఱుచుగాఁ గనఁబడునది. సూదితో రెండు పర్యాయములు తీసిరి. తరువాత నిలిచిపోయినది.

ఇఁక మూఁడవ ప్రశ్న, అత్తగారు. మూఁడవ వారమున పొరుగు పెద్దమ్మగారొకరు పలుకరింప వచ్చి, మేము పడకకుర్చీ దిగకుండుట చూచి, "అందం కోసం కోయించుకుని మంచమెక్కితే ఎలాగమ్మా? ముసలిది చాకిరీ చెయ్యాలా?" అనిరి. మేము లేవఁబోవుచుంటిమి. అత్తగారు వంటింటి గడపలోనుండియే, "ఎందుకు కోశారో కోసిన చోటికి తెలుస్తుందా వదినా? కోత కోతే. నలభై రోజులు నేను లేవనివ్వను" అనిరి. ఆ పెద్దమ్మగారు కాఫీ త్రాగి, మఱి మాటాడక వెళ్లిరి. ఎవరు చూడాలని నీకీ కోత యని యడిగిన నోరే అది. ఉన్న పేరు దాఁచి గర్భసంచి యనియో, చిన్న హెర్నియా యనియో చెప్పియుండినచో ఆ పేరునకుఁ దగిన విశ్రాంతియే దొరకెడిది. కుట్టిన కండరములకుఁ గావలసినది దొరకెడిది కాదు.

మఱియొకరి ప్రశ్నయుఁ గలదు. ఈ వ్యాసము వ్రాయించినది నిజమునకు నదియే. మా పెద్దకూఁతురికి పండ్రెండేండ్లు. స్నానమునకు సాయము వచ్చి, ఎఱ్ఱని కోఁత గుఱుతు చూచి, చాలసేపు ఊఱకుండి, "మేం పుట్టబట్టేనా అమ్మా నీకిలా అయింది?" అని యడిగినది. మా నోట మాట రాలేదు. పిమ్మట చెప్పితిమి: కృష్ణకు వరద వచ్చి పోయిన పిమ్మట కరకట్టకు మన్ను వేసి గట్టిచేయుదురు, అంతమాత్రమున ఏటినెవరైనఁ దిట్టుదురా? ఆ ఏఱు లేనిదే మనకు పంటలెక్కడివి? అది నవ్వి, మఱల నడిగినది: "పెద్దయ్యాక నేనూ చేయించుకోవాలా?" అక్కఱలేదని, తల్లులలో పెక్కుమందికి దీని యవసరమే యుండదని, తన నడుమునొప్పికో తన సుఖముకొఱకో తానే కోరుకొన్న వేఱుగాని, పెండ్లిపందిటిలో నెవరో అడిగిన ప్రశ్నకు జవాబుగా నెన్నఁడును కోయించుకొనరాదని చెప్పితిమి. అది తల యూఁచి పట్టీ కొక్కెములు పెట్టినది.

ఏడు నెలలైనది. కట్టగట్టు పోయినది, హెర్నియా పోయినది, మడతలోని పుండ్లు పోయినవి. బొడ్డు క్రింద జానెడు మేర నింకను స్పర్శ మందముగానే యున్నది. కోఁత గుఱుతు ఏఁడాది, ఏఁడాదిన్నరకుఁ గాని పాలిపోదఁట. బొడ్డుపైని గర్భపుచారలు అట్లే యున్నవి. కవులు పొట్టపై మూఁడు వళులు అలంకారమనిరి. కూర్చుండినప్పుడు మాకొకటి మిగిలినది, అది చాలును.

చేయించుకొనఁదలఁచిన సోదరీమణులకు నాలుగు మాటలు. ఇది బరువు తగ్గించు చికిత్స కాదు. ముందు బరువు తగ్గి నిలకడగా నుండవలెను. ఇంకను బిడ్డలను కోరువారు ఆగుట మేలు, మఱల గర్భము వచ్చినచో కుట్టు సాగవచ్చును. మధుమేహము, రక్తపుగడ్డల చరిత్ర, వాడుచున్న మందులు వైద్యునికి దాఁచరాదు. ఇంటికి వచ్చిన పిమ్మట ఒక పిక్క వాచి నొప్పిపెట్టినను, ఆయాసము వచ్చినను, జ్వరము తగిలినను, కోఁత దగ్గఱ దుర్వాసనయో నలుపో కనఁబడినను తెల్లవాఱుదాఁక ఆగక ఆసుపత్రికిఁ బోవలెను. సొమ్ము కూడఁబెట్టుకొన్నట్లే ఆఱు వారముల విశ్రాంతిని, చేయి సాయమును ముందుగాఁ గూడఁబెట్టుకొనవలెను. అవి లేనినాఁడు సొమ్మున్నను తొందరపడవద్దు.

పెద్దలకును ఒక మనవి. మీ యింటి యాఁడుది ఏ కోఁతతో నిల్లు చేరినను, అది ప్రాణముకొఱకో రూపముకొఱకో పిమ్మట విచారించుకొనవచ్చును. గడపలో అడుగుపెట్టిననాఁడు మాత్రము, ఆఱు వారములు ఆ యింటి నీళ్లబిందె ఎవరెత్తెదరో అది తేల్చుఁడు.